ముందు నా చెయ్యి

కరెంటు పని చేసేవాళ్ళకి 'చచ్చింది' అన్నది చల్లని కబురు. తీగలో కరెంటు లేదు, ఇక చెయ్యి పెట్టుకోవచ్చు అని దాని అర్థం. బొగ్గు కాల్చి కరెంటు తీసే ఆ ప్లాంటులో, బొగ్గు మోసే బెల్టుల సెక్షన్‌లో, ఆ మాట అనే హక్కు ఒక్కడికే ఉండేది. అతన్ని అందరూ మేస్త్రి అనేవారు. ఇంజనీర్లు వచ్చేవారు, బదిలీ అయి పోయేవారు. గోడల మీద నోటీసులు మారేవి. మేస్త్రి గొంతు చించుకుని 'చచ్చింది!' అని అరిచేదాకా మాత్రం ఆ సెక్షన్‌లో ఎవడూ జేబులోంచి కటింగ్ ప్లయరు తీసేవాడు కాదు.

అతని పద్ధతి ఇదీ. ముందు స్విచ్చి తీసో తీయించో దానికి తాళం వేసేవాడు. తాళంచెవి చొక్కా జేబులో పడేసుకునేవాడు. కుడిచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, వేళ్ళు లోపలికి ముడిచి, చేతి వెనక భాగంతో తీగను తాకేవాడు. కరెంటు ఉన్న తీగను అరచేత్తో ముట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోయి వదలవు. వెనకవైపు తగిలితే చెయ్యి దానంతటదే ఎగిరి ఇవతలకి వస్తుంది. స్టోర్‌లో టెస్టర్లూ మీటర్లూ లేక కాదు. "మీటరు బ్యాటరీ అయిపోతే అబద్ధం చెబుతుంది. చెయ్యి చెప్పదు" అనేవాడు. అతని దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ ఈ ముక్క కంఠతా వచ్చు.

చెయ్యి నిజం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఒకసారి ఎవడో ఒక స్విచ్చి తియ్యబోయి ఇంకొకటి తీశాడు. చెయ్యి తగలగానే మేస్త్రి ఎగిరి వెనకున్న ఇనుప మెట్ల మీద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. పడినచోటే కూర్చుని, ఆ స్విచ్చి తీసినవాణ్ణి, వాణ్ణి కన్నవాళ్ళని, వాడికి ఉద్యోగం ఇచ్చినవాళ్ళని వరసపెట్టి తిట్టాడు. తర్వాత "ఇప్పుడు సరైనది తియ్యరా" అని లేచి, విరగని చేత్తో మళ్ళీ ముట్టుకున్నాడు. ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్ళాడు. "ముందు నా చెయ్యి, తర్వాతే మీవి" అన్నది అతని ఊతపదం. చూసేవాళ్ళకి మొరటుగా ఉండేది గానీ, అతను ఉన్నన్నాళ్ళూ ఆ సెక్షన్‌లో కరెంటు తగిలి ప్రాణం పోగొట్టుకున్నవాడు లేడు. నోటి దురుసూ తలబిరుసూ అన్నీ ఆ ఒక్క సంగతి చాటున చెల్లిపోయాయి.

ఆ పద్ధతికి ఇంట్లోనూ ఒక కారణం ఉంది. మేస్త్రి భార్యకి తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. తమ్ముణ్ణి చంకనేసుకుని తనే పెంచింది. పెళ్ళయి వస్తూ వాణ్ణి వెంట తెచ్చుకుంది. వాడు చేతికందాక మేస్త్రి తన సెక్షన్‌లోనే ఫిట్టరు పని ఇప్పించాడు. మొదటిరోజు ఇద్దరి టిఫిన్ డబ్బాలూ గుమ్మంలో పెట్టి ఆమె భర్తతో ఒకటే అంది.

"ఏమయ్యా, వాడి చెయ్యి తీగ మీద పడకముందు నీ చెయ్యి పడాలి. ఈ ఒక్కటీ నాకు మాటివ్వు. ఇంకేం అడగను."

ఆ తర్వాత ఆమె చాలానే అడిగింది, అది వేరే సంగతి. కానీ ఇచ్చిన మాట అంటే మేస్త్రికి అదే. ప్లాంటులో ఎవడికీ జంకనివాడు ఇంట్లో ఆమె కళ్ళలోకి నిబ్బరంగా చూడగలిగేవాడంటే, రోజూ సాయంత్రం వాణ్ణి ఎలా తీసుకెళ్ళాడో అలాగే తెచ్చి అప్పజెబుతున్నాడు కాబట్టి.

బావమరిదికి ట్యూబులైటు అని పేరు పెట్టింది మేస్త్రే. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వడం అయిపోయాక, ఒక క్షణం ఆగి, అప్పుడు వెలిగేవాడు. పేరు అరిగి అరిగి ట్యూబు అయింది. తల పలచబడినా ట్యూబే. పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇల్లే వాడి ఇల్లు. మేస్త్రి వాణ్ణి నలుగురిలో పెట్టి ఆడించేవాడు. వాడు పడేవాడు.

"బావా, స్విచ్చి నేను చూసే తీశాగా. మళ్ళీ నువ్వు ముట్టుకోవడం దేనికి?"

"నువ్వు తీశావనేరా ముట్టుకునేది."

బెల్టు పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ట్యూబు కూడా నవ్వాడు, కాస్త ఆగి.

"కాదు బావా, నీకేదైనా అయితే అక్క నన్ను చంపేస్తుంది."

"నేను పోతే నిన్ను మేపేదెవడ్రా? అందుకే పోకుండా ఉన్నా."

బొగ్గుకి రోజులు దగ్గరపడ్డాయన్న మాట ముందు క్యాంటీన్ టీవీలో వినబడింది. భూమి వేడెక్కిపోతోందట. ఇలాంటి పొగగొట్టాలే కారణమట. ఎక్కడో దూరదేశంలో అన్ని దేశాలవాళ్ళూ ఒక హాల్లో చేరి, ముందు నువ్వు తగ్గించు అంటే ముందు నువ్వు తగ్గించు అని వాదులాడుకుంటున్నారట. "ఆ హాల్లో ఏసీ ఆపమనండి, సగం తగ్గిపోతుంది" అని మేస్త్రి అంటే క్యాంటీనంతా గొల్లుమంది.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. వరసగా వచ్చిన ఎండాకాలాలు అలాంటివి. ప్లాంటు నీళ్ళు తోడుకునే నది అడుగంటింది. మిషన్లు చల్లబరచడానికి నీళ్ళు చాలక, ఎవరూ ఆపమనకుండానే బాయిలర్లు ఆపుకోవాల్సి వచ్చింది. లోకాన్ని వేడెక్కించే ప్లాంటు ఆ వేడికే సొమ్మసిల్లుతుంటే దాని మీద జోకు వెయ్యడానికి మేస్త్రికి కూడా నోరు రాలేదు. బెల్టుల దగ్గర మనుషులు ఎండదెబ్బకి పడిపోయేవారు. పడినవాళ్ళని నీడకి లాగి, మొహాన నీళ్ళు కొట్టి, మళ్ళీ బెల్టు నడిపేవారు.

మూసేస్తున్నారని ఖాయమయ్యాక ఎవరూ బొగ్గు కోసం ఏడవలేదు. ఏళ్ళ తరబడి ఆ బూడిద మింగినవాళ్ళకి దాని మీద మమకారం ఏముంటుంది? ఏడ్చింది పని కోసం. ఆఖరి బాయిలరు చల్లారాక కాలనీలో ఆడవాళ్ళు తెల్లబట్టలు బయట ఆరేసి, సాయంత్రం తెల్లగానే మడతపెట్టుకున్నారు. "ఓలమ్మో, దుప్పటి రంగు ఇదా!" అని మేస్త్రి భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ దుప్పటి నీడన పని పోయిన మగవాళ్ళు గడ్డాలు పెంచుకుని కూర్చుని ఉన్నారు.

పాతవాళ్ళలో ఏ ఒక్కరినీ వెనక వదిలిపెట్టబోమని పెద్దలు మైకులో చెప్పారు. ప్లాంటు బూడిద పోసిన చెరువుని చదును చేసి, పైన మట్టి కప్పి, సోలార్ ప్యానెళ్ళు వరసలు వరసలుగా పాతారు. అందులోకి పాతవాళ్ళని పిడికెడుమందిని తీసుకున్నారు. మిగతావాళ్ళని వదిలిపెట్టలేదు, వాళ్ళంతట వాళ్ళే ఊళ్ళు పట్టుకుని పోయారు. మేస్త్రికి కబురొచ్చింది. అతను సైటు మేనేజరు గదిలోకి వెళ్ళి, కుర్చీ లాక్కోకుండానే చెప్పాడు.

"మా బావమరిది లేకుండా నేను రాను."

"అతనికేం వచ్చు?"

"చెప్పింది చెయ్యడం వచ్చు. మీ దగ్గర అది వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారేంటి?"

మేనేజరు నవ్వి ఇద్దరినీ తీసుకున్నాడు. ఆ సాయంత్రం మేస్త్రి భార్య భర్త గొప్పతనం వీధి వీధంతా వినబడేలా చెప్పుకుంది.

ట్రైనింగు ఒక ఏసీ హాల్లో పెట్టారు. ట్రైనింగ్ మేడమ్ చిన్నపిల్ల. చెప్పేది మనసుపెట్టి చెప్పేది. కరిగే మంచు, ఎర్రబడ్డ ప్రపంచపటం, ఏ దేశం ఎంత పొగ వదిలింది, ఏ దేశం ఎప్పటికల్లా మానేస్తానంది, అన్నీ తెర మీద వేసి చూపించేది. పైవాళ్ళు ఆమెకిచ్చిన వరస అది. తీగల సంగతి ఆఖరిరోజుకి పెట్టారు. చల్లగాలికి పాతవాళ్ళు కునుకు తీసేవారు. ట్యూబు మాత్రం రెప్ప వెయ్యకుండా చూసేవాడు.

"బావా, ఆ తెల్ల ఎలుగుబంటికి నిలబడ్డానికి చోటు లేకుండా పోయిందంట" అని ఇంటికొచ్చి బెంగపడ్డాడు.

"మనకుందా? పడుకో" అన్నాడు మేస్త్రి.

ఆఖరిరోజున ఎవరో పెద్దమనుషులు సైటు చూడ్డానికి వచ్చారు. క్లాసు మానేసి, అందరికీ కొత్త హెల్మెట్లు పెట్టి, ప్యానెళ్ళ ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు. అది అయ్యాక మేనేజరు మేస్త్రి భుజం తట్టి, "తీగల గురించి మీలాంటి సీనియర్లకి మేం చెప్పేదేముంది మేస్త్రిగారూ!" అన్నాడు. ఆ సైటులో అతన్ని గారూ అన్నవాళ్ళు అంతకుముందు లేరు. మేస్త్రి ఉబ్బిపోయాడు.

మేడమ్ మాత్రం వదలకుండా వెనకాలే వచ్చింది.

"ఒక్క నిమిషం మేస్త్రిగారూ. ఇది మీరు ఇన్నాళ్ళూ చూసిన కరెంటు కాదు. స్విచ్చి తీసినా కూడా..."

"కరెంటులో పాతదీ కొత్తదీ ఏముంటుందమ్మా?" మేస్త్రి చెయ్యెత్తి దాని వెనకవైపు ఆమెకి చూపించాడు. "ఉంటే కరుస్తుంది. లేకపోతే లేదు. మీ ఎలుగుబంటి కథ బాగుంది. అది చెప్పండి, వింటాం."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ట్యూబు కూడా నవ్వాడు. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయింది. ఇంకోసారి చెబుదాంలే అనుకుందో, ఈ మనిషితో నాకెందుకనుకుందో, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

కొత్త సైటులో మేస్త్రికి కొరుకుడుపడనిది నిశ్శబ్దం. పాత ప్లాంటులో మోటారు గొంతు మారితే చెవి పట్టేసేది. బేరింగు కాలితే ముక్కు పట్టేసేది. ఇక్కడ కరెంటు తయారవుతోందని చెప్పడానికి చప్పుడు లేదు, వాసన లేదు, కాళ్ళ కింద అదురు లేదు. నీలం అద్దాలు ఎండకి వెల్లకిలా పడుకుని ఉంటాయి. వాటి మీద దుమ్ము పడితే కడగడానికి పొడుగు కర్రల బ్రష్షులు పట్టుకుని కొందరు ఆడవాళ్ళు వరసల మధ్య తిరుగుతుంటారు. "ఇది ప్లాంటా, ఆస్పత్రా?" అని విసుక్కునేవాడు. ట్యూబుకి మాత్రం తెగ నచ్చింది.

"బావా, ముక్కు చీదితే తెల్లగా వస్తోంది! కావాలంటే చూడు."

"ఛీ, అవతలకి పో."

మొదట్లో మేస్త్రికి పని పడిందల్లా కరెంటుని బయటికి పంపే గదిలోనే. అక్కడి తీగలు పాత ప్లాంటు తీగల్లాంటివే. స్విచ్చి, తాళం, చేతి వెనక. చెయ్యి ఎప్పటిలాగే నిజం చెప్పింది. 'చచ్చింది' అన్న కేక మళ్ళీ వినబడింది. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఆ కేక కోసం ఆగడం అలవాటు చేసుకున్నారు. మేస్త్రి మళ్ళీ కాలరెగరేసుకు తిరిగాడు.

ప్యానెళ్ళ దగ్గర తీగల పని మొదటిసారి పడింది నడి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం. ఒక వరస చివర ఎలుకలు తీగల పైపొర కొరికేశాయి. రాగి బయటపడింది. ఆ ముక్క కత్తిరించి కొత్త జాయింట్లు వెయ్యాలి. మేస్త్రి వరస చివరనున్న పెట్టె తెరిచి స్విచ్చి తీశాడు. తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. చెయ్యి తుడుచుకుని ఒక తీగను ముట్టుకున్నాడు. ఏమీ లేదు. రెండోది ముట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇందులో అతను ఏ ఒక్కటీ తగ్గించలేదు, తొందరపడలేదు.

"చచ్చింది!"

ట్యూబు నేల మీద చతికిలబడ్డాడు. కొరికిన మేర కత్తిరించాడు, పైపొర ఒలిచాడు. రెండు కొసలూ ఒకే పొడవుండాలి; హెచ్చుతగ్గులుంటే జాయింటు మీద లాగుడు పడి కొన్నాళ్ళకి ఊడుతుంది. మేస్త్రి అతనికి నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. ట్యూబు ఒక కొస ఈ చేత్తో, ఒక కొస ఆ చేత్తో పట్టుకుని కళ్ళ ముందుకి తెచ్చుకున్నాడు.

అలాగే ఉండిపోయాడు.

"ఏంట్రా, కంఠహారానికి కొలతలు తీస్తున్నావా?" అన్నాడు మేస్త్రి.

ట్యూబు నవ్వలేదు. కాస్త ఆగి కూడా నవ్వలేదు. దవడ బిగుసుకుంది. మెడనరాలు తాళ్ళలా లేచాయి. కళ్ళు మాత్రం బావ వైపే ఉన్నాయి.

కరెంటు పట్టినవాణ్ణి ముట్టుకోకు, స్విచ్చి దగ్గరికి పరిగెత్తు: మేస్త్రి అందరికీ నేర్పిన పాఠమే. పరిగెత్తాడు. స్విచ్చి తీసే ఉంది. తన తాళం తను వేసినట్టే వేలాడుతోంది. తాళం తీసి, స్విచ్చి వేసి, మళ్ళీ తీశాడు. తిరిగి చూశాడు. ట్యూబు అలాగే కూర్చుని ఉన్నాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు. ఎన్నిసార్లు వేసి తీశాడో అతనికే తెలియదు. ఇంక తియ్యడానికి ఏముందో తోచలేదు. అద్దాల మీద ఎండ తెల్లగా కాస్తోంది.

పక్క వరసలో ప్యానెళ్ళు కడుగుతున్న ఒకావిడ కేకవేస్తూ వచ్చి, బ్రష్షు కర్రతో ట్యూబు చేతుల మీద బాదింది. తీగలు చేతుల్లోంచి విడిపోతుంటే నీలంగా మంట సాగి తెగింది. ట్యూబు పక్కకి ఒరిగాడు. మేస్త్రి చేరేసరికి అతనిలో ఏమీ మిగల్లేదు.

జరిగిందేమిటో చెప్పుకుంటే చాలా చిన్న సంగతి. పాత ప్లాంటు కరెంటుకి ఒక కాలు ఎప్పుడూ నేలలో ఉంటుంది. అందుకే నేల మీద నిలబడ్డ మనిషి ఏ తీగ ముట్టుకున్నా అది కరుస్తుంది. ప్యానెళ్ళ తీగలకి స్విచ్చి తీశాక నేలతో పొత్తు ఉండదు. విడివిడిగా ముట్టుకుంటే నోరు మెదపవు. రెండూ కలిపి పట్టుకున్నవాడికి మాత్రం మొత్తం కరెంటు గుండెల మీదుగా పోతుంది. ఇక స్విచ్చి అంటారా, అది కరెంటుని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది తప్ప పుట్టకుండా ఆపదు. అద్దం మీద వెలుగు ఉన్నంతసేపూ ఆ తీగలు చావవు. ఈ కరెంటు వల్ల పొగ రాదు, బూడిద రాదు, లోకానికి మంచిదే. కానీ దాని స్వభావం దానిది. ఫొటోలు తీసిన రోజున చెప్పాల్సిన పాఠం ఇంతే.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. టీ ఇచ్చారు. గారూ పోయింది.

"నిజం చెప్పు మేస్త్రీ. నువ్వు ముట్టుకోలేదు కదా?"

"ముట్టుకున్నానండీ. రెండూ ముట్టుకున్నా."

"ముట్టుకుంటే నీకు తగిలేది. తగల్లేదంటే ముట్టుకోలేదు. ఇందులో పెద్ద చర్చ ఏముంది?"

కడిగే ఆవిడని అడిగితే, "చెయ్యి అటు పెట్టినట్టే కనబడిందయ్యా. తగిలిందో లేదో నేనేం చూడొచ్చాను" అంది. ఒకప్పుడు మేస్త్రి సెక్షన్‌లోనే బెల్టు నడిపి, ఇప్పుడు సైటు గేటు దగ్గర కాపలా ఉంటున్న పాత స్నేహితుడు అతన్ని బయటికి తీసుకొచ్చి మెల్లగా నచ్చజెప్పాడు.

"ఒప్పేసుకోరా. వయసయింది. ఎండ. ఆ ఒక్కసారికీ చెయ్యి ఆడించి వదిలేసి ఉంటావు."

"నేనా? నా సంగతి నీకు తెలీదూ?"

"తెలుసు కాబట్టే చెబుతున్నా. మీటరు అబద్ధం చెబుతుంది, చెయ్యి చెప్పదు. మాకు నేర్పింది నువ్వే కదరా."

మేస్త్రి మీద సాక్ష్యం చెప్పడానికి వాళ్ళకి అతని మాటే దొరికింది.

కంపెనీ అతన్ని పనిలోంచి తీసెయ్యలేదు. పాతవాళ్ళని వెనక వదిలిపెట్టబోమన్నారు కదా. "మీ వయసుకి ఇది తేలిక" అని ప్యానెళ్ళు కడిగే పనిలో పెట్టారు. తీగల పనికి ఇంకొకడొచ్చాడు. వాడు మీటరు పెట్టి చూసేవాడు. మేస్త్రి బ్రష్షు కర్ర పట్టుకుని ఆడవాళ్ళ వెనక నడిచాడు. "వత్తి తుడవాలి మేస్త్రీ, మరక ఉంటే కరెంటు తగ్గిపోతుందంట" అని వాళ్ళు చెబితే వత్తి తుడిచాడు.

అవన్నీ అతను భరించాడు. భరించలేనిది ఇల్లు.

తమ్ముణ్ణి తెచ్చిన రోజు ఆమె ఏడవకుండా అడిగింది.

"ముందు నీ చెయ్యి పెట్టావా?"

"పెట్టాను."

"నీకేం కాలేదా?"

"కాలేదు."

"అబద్ధం. తీగ విరగ్గొట్టిన నీ భుజాన్ని చూశాను నేను. వాడి ప్రాణం తీసింది నిన్ను మాత్రం ఊరికే వదిలేసిందా? నీకేమైనా చుట్టమా అది?"

ఆ రోజు నుంచి తిట్టడం మొదలుపెట్టింది. పొద్దున లేచింది మొదలు తిట్టేది. "నువ్వు మాట తప్పావు. నువ్వు మోసం చేశావు. ఎండగా ఉందని బద్ధకించావు. చెప్పు, ఒప్పుకో, ఒప్పుకుని చావు!" అతను ముట్టుకున్నానంటే ఇంకా మండిపడేది. అన్నం పెట్టేది, తిట్టేది. బట్టలు ఉతికేది, తిట్టేది. మేస్త్రి కడుపులో ఒకటే మిగిలింది: లోకం ఏమన్నా అనుకోనీ, ఈమె ఒక్కతీ నమ్మితే చాలు.

చివరికి ట్రైనింగ్ మేడమ్‌ని వెతుక్కుంటూ వెళ్ళాడు. అదే హాల్లో, కొత్తగా చేరినవాళ్ళకి, అదే మంచు కరుగుతోంది. గుమ్మంలో అతన్ని చూసి ఆమె పాఠం ఆపి బయటికొచ్చింది. అతను ఏమీ అడగకముందే అంది.

"మీరు ముట్టుకునే ఉంటారండీ. నాకు తెలుసు. విడిగా ముట్టుకుంటే తెలీదు. నన్నెవరూ అడగలేదు."

మేస్త్రి మెట్ల మీద కూలబడ్డాడు. బావమరిది పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"ఈ ముక్క మా ఆవిడకి చెప్పు తల్లీ. ఒక్కసారి ఇంటికొచ్చి చెప్పు."

"దీని గురించి ఎక్కడా మాట్లాడొద్దన్నారు మేస్త్రిగారూ..."

"కంపెనీకి చెప్పొద్దు. పేపరోళ్ళకి చెప్పొద్దు. మా ఆవిడకి చాలు."

ఆ పిల్ల వచ్చింది. మేస్త్రి భార్య కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఎదురుగా నేల మీద కూర్చుంది. మేడమ్ తన రెండు చేతులే రెండు తీగలుగా చూపిస్తూ చెప్పింది. నేలలో ఉన్న కాలు, నేలతో పొత్తులేని తీగలు, చావని కరెంటు. మేస్త్రి భార్య మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"అయితే ఈయన ముట్టుకున్నది నిజమేనా?"

"నిజమేనమ్మా."

మేస్త్రి గోడకి జారగిలబడ్డాడు. గుండెల మీది బండ దిగినట్టయింది. పెదవి మీదికి దాదాపు నవ్వు వచ్చింది.

మేస్త్రి భార్య మేడమ్ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంత సులువుగా చెప్పావు తల్లీ. బడి మొహం చూడని నాకే అర్థమయింది. మా తమ్ముడికి అర్థమయ్యేది కదా. ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

మేడమ్ తల వంచుకుంది. తర్వాత తలెత్తి మేస్త్రిని చూసింది. ఆ చూపు ఎందుకో అతనికి తెలుసు. ఆమె కంటే ముందు తనే ఒప్పుకోవడానికి అతనికి కావలసినంత వ్యవధి ఉంది. చెప్పలేదు.

"చెప్పబోయానమ్మా. ఆ ఆఖరిరోజునే వెంటపడి చెప్పబోయాను. మేస్త్రిగారు వినలేదు. ఎలుగుబంటి కథ చెప్పుకోమన్నారు. అందరూ నవ్వారు."

"వాడూ నవ్వాడా?"

మేడమ్ అవునన్నట్టు తల ఊపింది.

మేస్త్రి భార్య లేచి ఆ పిల్లని వీధి మలుపుదాకా సాగనంపింది. వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకుని, వచ్చినందుకు చల్లగా ఉండమంది. తిరిగొచ్చి తలుపు చేరవేసింది. మేస్త్రి గోడ దగ్గరే ఉన్నాడు. తిట్ల కోసం కాచుకుని ఉన్నాడు. అన్నాళ్ళూ తిన్న తిట్లకంటే పెద్దవి రావాలని, వస్తే బాగుండునని, తల వంచుకుని మెడ అప్పగించినట్టు నిలబడ్డాడు.

ఆమె వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు సర్దింది. పీట వేసింది. పై అరలోంచి, బయటివాళ్ళు వస్తే వాడే కంచం దించి, కడిగి, తుడిచి పెట్టింది. గ్లాసు అతని చేతికందేంత దూరంలో కుదురుగా జరిపింది.

"మీరు భోజనం చేస్తారా?" అని అడిగింది.